ఆదివారం సాక్ష్యం

జయకుమారి ఆదరణ కూడికకు వెళ్ళింది ఆదరణ కోసం కాదు. జీవరత్నం అక్కడ ఉంటాడని వెళ్ళింది.

అది 1983 నవంబరు. ఆమె భర్త ఆనందబాబు ఆగస్టులో పోయాడు. పశ్చిమ ఢిల్లీలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఎక్స్‌రే టెక్నీషియన్‌గా పనిచేసేవాడు. వాన పడుతున్న రోజు ఎక్స్‌రే గదిలో కరెంటు షాకు కొట్టి చనిపోయాడు. విచారణ ఆస్పత్రి వాళ్ళే జరిపారు. టెక్నీషియన్ తడి చేత్తో స్విచ్ బోర్డు ముట్టుకున్నాడు, అది అతని అజాగ్రత్త, అని రిపోర్టు రాసి సంతకాలు పెట్టుకున్నారు.

ఆనందబాబు ఇంట్లో బల్బు మార్చాలంటే మెయిన్ ఆపి, చేతులు తుడుచుకుని, రబ్బరు చెప్పులు వేసుకుని స్టూలు ఎక్కే మనిషి. ఆస్పత్రిలో ఆ గది పైకప్పు కారుతోందని మొదటి వాన నుంచీ చెబుతూ వచ్చాడు. ఆ సంగతి రిపోర్టులో లేదు.

జయకుమారి వేరే ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు. లేబర్ ఆఫీసులో కేసు వేసింది. యూనియన్ వకీలు ఒక్క మాటే చెప్పాడు. ఆ సమయంలో ఆ గదిలో ఉన్నవాళ్ళు ఎవరైనా వచ్చి సాక్ష్యం చెప్పాలి. ఎవరూ రాకపోతే ఆస్పత్రి రిపోర్టే నిలబడుతుంది. విచారణ మంగళవారం, ఈ కూడిక ముగిసిన రెండో రోజున.

అలా వచ్చి చెప్పగలిగినవాడు జీవరత్నం ఒక్కడే. అదే ఆస్పత్రిలో డార్క్ రూమ్ అసిస్టెంటు. ఎక్స్‌రే ఫిలిములు కడగడం అతని పని. డార్క్ రూమ్ తలుపు ఎక్స్‌రే గదిలోకే తెరుచుకుంటుంది. ఆస్పత్రి రిపోర్టు కింద అతని సంతకం కూడా ఉంది. అతనిదీ ఆనందబాబుదీ బాపట్ల పక్కన ఒకే ఊరు. ఆనందబాబును ఢిల్లీ పిలిపించి ఆ ఉద్యోగంలో పెట్టించింది కూడా అతనే. జనక్‌పురిలోని తెలుగు క్రైస్తవ సంఘంలో పెద్ద. సంఘమంతా రొట్టె పంచుకునే ప్రభువు బల్ల జరిగినప్పుడు ఆ పళ్ళెం పట్టుకుని వరసల మధ్య తిరిగేది అతనే.

జయకుమారి అతన్ని రెండుసార్లు అడిగింది.

"నేను డార్క్ రూములో ఉన్నానమ్మా. తలుపు వేసుంది. ఏమీ చూళ్ళేదు, ఏమీ విన్లేదు," అన్నాడు రెండుసార్లూ. "నీకోసం ప్రార్థన చేస్తున్నాను," అని కూడా అన్నాడు.

మూడోసారి అతనే వచ్చాడు, పాస్టరు గారి భార్య సీతారత్నాన్ని వెంటబెట్టుకుని. ఆత్మీయుల్ని పోగొట్టుకున్న వాళ్ళ కోసం సంఘం మూడు రోజుల ఆదరణ కూడిక పెడుతోందని, రమ్మని చెప్పారు. డ్యూటీ ఉందని పంపేసింది.

ఆ వారంలోనే ఎనిమిదేళ్ళ కూతురు కస్తూరి బడి నుంచి వచ్చి బూట్లు విప్పకుండా గుమ్మంలో నిలబడింది. ఆ పిల్లకు తెలుగు అర్థమవుతుంది, మాట్లాడేది హిందీ.

"మమ్మీ, గల్తీ పాపా కీ థీ క్యా?"

తప్పు నాన్నదేనా అని. ఆస్పత్రిలో పనిచేసేవాళ్ళ పిల్ల ఒకతి క్లాసులో అందట.

"కాదు," అంది జయకుమారి.

"తో కిస్కీ థీ?"

మరి ఎవరిది అని అడిగితే ఆమె దగ్గర చెప్పడానికి పేరు లేదు. మర్నాడు సీతారత్నం ఇంటికి వెళ్ళి కూడికకు వస్తానని చెప్పింది.

*

కస్తూరిని పక్కింటి పంజాబీ ఆంటీకి అప్పగించి శుక్రవారం మధ్యాహ్నం బస్సులో ధౌలా కువాన్ దాకా వచ్చింది. అక్కడి నుంచి సంఘం వాళ్ళు మాట్లాడిన వ్యాను. గుర్గావ్ దాటాక సోహ్నా రోడ్డు మీద మిషను వాళ్ళ పాత బంగళా. చుట్టూ ఆవచేలు. మగవాళ్ళకు ఒకవైపు గదులు, ఆడవాళ్ళకు ఒకవైపు.

జయకుమారి గదిలో రెండో మంచం అన్నమ్మది. ఒంగోలు మనిషి. మంత్రసానిగా మొదలై మిడ్‌వైఫ్‌గా రిటైరైంది. భర్త పోయి ఏడాది.

"నీ ఆయన్ని కూడా ప్రభువు పిలుచుకున్నాడనే చెప్పారా?" అని అడిగింది దుప్పటి దులుపుతూ.

"చెప్పారు."

"మా ఆయన్ని ప్రభువు పిలవలేదే తల్లీ. సారా పిలిచింది. పిలిచిన ప్రతిసారీ పలికాడు." దుప్పటి వాసన చూసి ముఖం చిట్లించింది. "ఇది కప్పుకుంటే నేను కూడా ఇవాళే పలుకుతాను."

జయకుమారి మూడు నెలల తరవాత నవ్వింది. వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆ సాయంత్రం సీతారత్నం ఆడవాళ్ళను వరండాలో కూర్చోబెట్టి కూడిక పద్ధతి చెప్పింది. మొదటి రోజు దుఃఖాన్ని ఒప్పుకోవాలి. రెండో రోజు విడిచిపెట్టాలి. మూడో రోజు, ఆదివారం, లేచి నిలబడి సాక్ష్యం చెప్పాలి. దేవుడు తనకు చేసిన మేలు పదిమందిలో చెప్పడమే సాక్ష్యం.

"ఈ మూడు రోజులూ ఒక మాట మనం వాడకూడదు," అంది. "ఎందుకు అనే మాట. ఎందుకు ఇలా జరిగింది అని దేవుణ్ణి అడగొద్దు. దేనికోసం జరిగింది అని అడగండి."

"నేను ఎందుకు అని అడగట్లేదండీ అమ్మగారూ," అంది జయకుమారి. "ఎవరు అని అడుగుతున్నాను."

"ఆ చేదే ఇక్కడ వదిలేసి వెళ్ళాలమ్మా."

"వదిలేస్తే అది ఎవరికి వెళ్తుంది?"

సీతారత్నం పాటల పుస్తకం తెరిచింది.

శనివారం పొద్దున్న జీవరత్నం హాలు మెట్ల మీద కూర్చుని డోలక్ తాళ్ళు బిగిస్తున్నాడు. జయకుమారి వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"అన్నయ్యా, మంగళవారం విచారణ."

"తెలుసమ్మా. ప్రార్థనలో పెట్టాను."

"ప్రార్థనలో పెట్టాల్సింది విచారణని కాదు. బోనులో పెట్టాల్సింది మిమ్మల్ని."

అతను డోలక్ మీద వేలితో కొట్టి చెవి ఆనించి విన్నాడు. "చూస్తే చెప్పనా? ఆనందు నాకు తమ్ముడు కాడా? అబద్ధం చెప్పమంటావా?"

"నిజమే చెప్పమంటున్నాను."

"నా నిజం డార్క్ రూము. అక్కడ చీకటి." లేచాడు. "టిఫిను తిన్నావా? ఉప్మా ఉంది. చల్లారిపోతుంది."

ఆ రోజంతా విడిచిపెట్టడం గురించి చెప్పారు. పాస్టరు దేవసహాయం గారు అందరినీ కళ్ళు మూసుకుని, గుప్పిళ్ళు బిగించి, తరవాత తెరవమన్నారు. జయకుమారి గుప్పిళ్ళు తెరవలేదు. పక్కన అన్నమ్మ ఒక కన్ను తెరిచి చూసి, తన చేతులు కూడా మళ్ళీ మూసుకుంది.

*

ఆదివారం పొద్దున్న హాల్లో జంబుఖానాలు పరిచారు. ముందు బల్ల మీద తెల్లగుడ్డ, దాని కింద రొట్టె పళ్ళెం. సాక్ష్యాల తరవాత ప్రభువు బల్ల. మగవాళ్ళు ఎడమవైపు, ఆడవాళ్ళు కుడివైపు కూర్చున్నారు. జయకుమారి, అన్నమ్మ రెండో వరసలో. జీవరత్నం భార్య కమల ఆడవాళ్ళ చివరి వరసలో, పిల్లలతో వచ్చినవాళ్ళ దగ్గర కూర్చుంది.

పాస్టరు గారు సాక్ష్యాలకు పిలిచారు. ఎవరూ లేవలేదు. ఎవరో దగ్గారు. కాసేపు చూసి, "పెద్దలు మొదలుపెడితే మిగతావాళ్ళకు ధైర్యం వస్తుంది," అని ఆయన జీవరత్నం వైపు చూశారు.

జీవరత్నం సాక్ష్యాలు సంఘంలో అందరికీ తెలుసు. పాము కాటు సాక్ష్యం, గోదావరి ఎక్స్‌ప్రెస్ తప్పిపోయిన సాక్ష్యం. చెప్పిన ప్రతిసారీ పాము ఒక మూర పెరిగేది. అతను లేచి పంచె సర్దుకున్నాడు.

"దేవునికి స్తోత్రం."

"స్తోత్రం," అన్నారు అందరూ.

"సహోదరులారా, ఈ ఏటి వానల్లో మరణం నా పక్కనించి వెళ్ళింది. నా చొక్కా తగిలి వెళ్ళింది."

"స్తోత్రం."

"ఒక గది అనుకోండి. పైనించి నీళ్ళు. గోడ తడి. గోడకున్న స్విచ్ బోర్డులోంచి చిటచిటమని చప్పుడు. అక్కడ పనిచేసే ఒక సహోదరుడు మిషను ఆపేశాడు. ఆరేదాకా వెయ్యనన్నాడు."

జయకుమారి తలెత్తింది.

"ఇంతలో అధికారి వచ్చాడు. బయట కంట్రాక్టరు గారబ్బాయి చెయ్యి విరిగి కూర్చున్నాడు, వెయ్యమన్నాడు. సహోదరుడు వెయ్యనన్నాడు. వెయ్యకపోతే రేపట్నించి రావద్దన్నాడు అధికారి. అయినా వెయ్యనన్నాడు."

"స్తోత్రం," అన్నారు. ఈసారి గొంతులు పెరిగాయి. గొంతులు పెరిగేకొద్దీ జీవరత్నం గొంతు కూడా పెరిగింది.

"అప్పుడా అధికారి నా వైపు తిరిగాడు. నువ్వు వెయ్యి అన్నాడు. నాకు ఆ మిషను సంగతి తెలీదు. ఉద్యోగం గుర్తొచ్చింది, పిల్లలు గుర్తొచ్చారు. నా చెయ్యి వెళ్ళింది సహోదరులారా! ఈ చెయ్యే! బోర్డు మీదికి వెళ్ళింది!" చెయ్యి పైకెత్తి చూపించాడు. "అంతలో ఆ సహోదరుడు నా చెయ్యి నెట్టేశాడు. నీకు తెలీదు, నేనే వేస్తాను, నువ్వు లోపలికి పో అన్నయ్యా అన్నాడు. నేను లోపల అడుగుపెట్టాను. వెనక చప్పుడైంది. ఇదిగో, మీ ముందు నిలబడ్డాను. నన్ను తప్పించినవాడు ఎవరు? నా ప్రభువు!"

"హల్లెలూయ!" అన్నారు మగవాళ్ళు.

ఆడవాళ్ళ వైపు నుంచి ఏమీ రాలేదు. జీవరత్నం పైకెత్తిన చెయ్యి దించలేదు. ఆ చెయ్యి అలా ఉండగానే జయకుమారి మీద అతని చూపు పడింది.

ఆమె లేచింది.

"అయ్యగారూ, నా సాక్ష్యం చెప్పొచ్చా?"

"చెప్పమ్మా, చెప్పు," అన్నారు పాస్టరు గారు.

"ఆ సహోదరుడి పేరేంటి అన్నయ్యా?"

జీవరత్నం చెయ్యి దించాడు. "సాక్ష్యంలో పేర్లు చెప్పకూడదమ్మా."

"నేను చెబుతాను. ఆనందబాబు. మిమ్మల్ని తప్పించినవాడు అతను. ప్రభువుకి స్తోత్రం చెప్పారు సరే, అతనికి ఏం చెప్పారు? తడి చేత్తో బోర్డు ముట్టుకున్నాడని రాసిన కాగితం కింద సంతకం పెట్టారు. ఆ అధికారి పేరేంటి?"

అతను కూర్చోబోయాడు.

"కూర్చోవద్దు. మూడు నెలలు మా ఇంటికొచ్చి, మా టీ తాగి, ఏమీ విన్లేదన్నారు. ఇక్కడ నీళ్ళు కారడం విన్నారు, బోర్డు చిటచిట విన్నారు, కంట్రాక్టరు కొడుకు చెయ్యి విరగడం కూడా విన్నారు. ఇదే సాక్ష్యం మంగళవారం చెప్పండి. ఒక్క ముక్క కలపొద్దు, ఒక్క ముక్క తియ్యొద్దు."

"అది వేరే సాక్ష్యం అమ్మా," అన్నాడు జీవరత్నం.

"వేరేదైతే దానికి వేరే మాట చెప్పండి. సంఘంలో చెప్పేదీ సాక్ష్యమే, ఆఫీసులో చెప్పేదీ సాక్ష్యమే. రెండో మాట ఉందా తెలుగులో?"

"అమ్మా జయా," అన్నారు పాస్టరు గారు, "దేవుని సన్నిధిలో కోర్టు మాటలు..."

"నన్ను సన్నిధిలోకి రమ్మంది మీరే కదండీ."

జీవరత్నం గొంతు తగ్గింది. "ఉండేది ఆస్పత్రి క్వార్టరు. మా అమ్మాయి ఆనందకుమారి అక్కడే నర్సింగ్ రెండో ఏడు చదువుతోంది. నేను నోరు తెరిస్తే దాన్ని ఉంచుతారా? నువ్వు కూడా నర్సువే. నీకు తెలీదా?"

"తెలుసు. నా పిల్ల కూడా బడికి వెళ్తోంది. అక్కడ దాన్ని ఏమంటున్నారో మీకు తెలుసా?"

సీతారత్నం పాట ఎత్తుకుంది. ఒకరిద్దరు అందుకున్నారు. పాట అయ్యేదాకా జయకుమారి నిలబడే ఉంది. ఎవరూ ఆమెను కూర్చోమనలేదు, ఎవరూ ఆమె వైపు చూడలేదు.

మిగతా సాక్ష్యాలు జరగలేదు. పాస్టరు గారు ప్రార్థన చేసి, రొట్టె విరిచి, పళ్ళెం జీవరత్నానికి ఇచ్చారు. అతను ముందు మగవాళ్ళ వైపు వెళ్ళాడు. అందరూ తీసుకున్నారు. తరవాత ఆడవాళ్ళ వైపు వచ్చాడు. మొదటి వరసలో సీతారత్నం తీసుకుంది, ఆమె పక్కవాళ్ళు తీసుకున్నారు. పళ్ళెం జయకుమారి ముందుకు వచ్చింది.

ఆమె చేతులు ఒడిలోంచి తియ్యలేదు.

"తీసుకో అమ్మా," అన్నాడు మెల్లగా.

"మీ చేతిలోది వద్దు."

పళ్ళెం అన్నమ్మ ముందుకు జరిగింది. అన్నమ్మ రెండు చేతులూ శాలువాలో దాచుకుంది.

"ముందు ఆ మంగళవారం సంగతి తేల్చుకుని పట్రా నాయనా. రొట్టె ఎక్కడికీ పోదు. నాకూ తొందర లేదు."

ఆ వరసలో మరో ముగ్గురు తల వంచుకుని కూర్చున్నారు. మూడో వరసలో కొందరు తీసుకున్నారు, కొందరు తీసుకోలేదు. తీసుకున్నవాళ్ళు కూడా అతని ముఖం వైపు చూడలేదు. చివరికి కమల దగ్గరికి వచ్చాడు. ఆమె పళ్ళెం వైపు చూసింది. భర్త వైపు చూసింది. పక్కనున్నావిడ పాపను తీసుకుని రెండు చేతులతో ఒళ్ళో కూర్చోబెట్టుకుంది.

జీవరత్నం ఆమె ముందు అలాగే వంగి ఉన్నాడు. పాస్టరు గారు పిలిచాక వెనక్కి తిరిగాడు. పళ్ళెం బల్ల మీద పెట్టినప్పుడు అందులో సగం రొట్టె మిగిలి ఉంది.

తిరుగు వ్యానులో కమల అన్నమ్మ పక్కన కూర్చుంది. జీవరత్నం ముందు సీట్లో డ్రైవరు పక్కన కూర్చున్నాడు. ధౌలా కువాన్ వచ్చేదాకా అన్నమ్మ ఒక్కతే మాట్లాడింది. అదీ కూడిక ఉప్మా గురించి.

*

మంగళవారం లేబర్ ఆఫీసు వరండాలో అన్నమ్మ, సంఘం నుంచి ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. ఎవరు రమ్మన్నారని జయకుమారి అడిగితే, "ఊరికే. ఎండ బాగుందని," అంది అన్నమ్మ.

ఆస్పత్రి కారులో మేనేజరు వాధ్వా, వాళ్ళ వకీలు దిగారు. కాసేపటికి గేటు దగ్గర జీవరత్నం కనిపించాడు. పక్కన కమల. ఇద్దరూ బస్సు దిగి నడిచి వచ్చారు. వాధ్వా అతన్ని చూసి చెయ్యి ఊపాడు, తనకోసమే వచ్చాడనుకుని.

లోపల ఆఫీసరు అతనిచేత ప్రమాణం చేయించి, ఏం చూశావో చెప్పమన్నాడు. జీవరత్నం నిటారుగా నిలబడ్డాడు. పదిమందిలో నిలబడి మాట్లాడటం అతనికి ఒక్క తీరులోనే వచ్చు.

"దేవునికి స్తోత్రం," అన్నాడు తెలుగులో.

వెనక బెంచీ మీంచి అన్నమ్మ అలవాటుగా "స్తోత్రం" అనేసింది.

ఆఫీసరు కలం ఆపాడు. "క్యా బోలా?"

"కుఛ్ నహీ సర్," అంది జయకుమారి. "ఆదత్ హై. ఆగే బోలేంగే."

ఏమీ లేదండీ, అలవాటు, ముందుకు చెబుతారు అని. ముందుకు చెప్పాడు. హిందీలో, తడబడుతూ చెప్పాడు. నీళ్ళు, బోర్డు, కంట్రాక్టరు కొడుకు. ఈసారి పేర్లు చెప్పాడు. అధికారి అనలేదు, మేనేజర్ వాధ్వా సాబ్ అన్నాడు. సహోదరుడు అనలేదు.

"ఆనందబాబు నే మేరా హాథ్ హటాయా," అన్నాడు. నా చెయ్యి తీసేసింది ఆనందబాబు అని. అక్కడ ఆగాడు. ప్రభువు పేరు ఎత్తలేదు.

ఆస్పత్రి వకీలు చాలా ప్రశ్నలు అడిగాడు. ముందు రాసిచ్చిన దానికీ దీనికీ పొంతన లేదేమని అడిగాడు. "అప్పుడు భయపడ్డాను," అన్నాడు. ఇప్పుడు భయం లేదా అంటే, "ఇప్పుడూ ఉంది," అన్నాడు. ఆఫీసరు అంతా రాసుకుని, ఇంకో తేదీ ఇచ్చి లేచాడు.

బయట మెట్ల దగ్గర జీవరత్నం జయకుమారి వెనక వచ్చాడు. కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"మనసు తేలికైందమ్మా. మూడు నెలల బరువు దిగింది."

"దిగుతుంది. మీరు దించుకున్నారు." ఆమె సంచి భుజానికి వేసుకుంది. "నాకు ఇవాళ మొదలైంది. అతను చెయ్యి నెట్టాడని నాకు ఆదివారం దాకా తెలీదు. నెట్టకుండా ఉంటే అని ఇక రోజూ అనుకుంటాను. అది నేను ఎవరికి సాక్ష్యం చెప్పుకోను?"

అతను తల వంచుకున్నాడు. "వచ్చే ఆదివారం సంఘానికి వస్తావుగా?"

"వస్తాను. పళ్ళెం ఇంకెవరికైనా ఇవ్వమనండి."

జయకుమారి పక్కనున్న కమల చెయ్యి ఒకసారి పట్టుకుని వదిలి, బస్‌స్టాపు వైపు నడిచింది.

ఇంట్లో కస్తూరి మంచం మీద బోర్లా పడుకుని హోంవర్క్ రాసుకుంటోంది. జయకుమారి సంచి దించకుండానే పక్కన కూర్చుని ఆ పేరు చెప్పింది. సందేహం ఉండకూడదని హిందీలో మళ్ళీ చెప్పింది. తప్పు వాధ్వాది. నాన్న వెయ్యనన్నాడు. జీవరత్నం అంకుల్ ఆఫీసులో అందరి ముందూ చెప్పాడు. క్లాసులో ఎవరేమన్నా ఇదే చెప్పు.

కస్తూరి పెన్సిలు నోట్లో పెట్టుకుని ఆలోచించింది.

"అంకుల్ నే పెహలే క్యోం నహీ బోలా?"

ముందే ఎందుకు చెప్పలేదు అని.

వాడకూడదని సీతారత్నం చెప్పిన మాట అది. జయకుమారి పిల్ల నోట్లోంచి పెన్సిలు తీసి పుస్తకం మీద పెట్టింది.

"ఆదివారం సంఘానికి వెళ్తాం కదా," అంది. "అందరూ ఉంటారు. లేచి నిలబడి ఆయన్నే అడుగు."